విశ్వాసం ఉంది, చిల్లర లేదు

రెండు తెలుగు రాష్ట్రాల్లో క్షణం తీరిక లేకుండా తిరిగే సాక్షి ఒకడున్నాడు. రెండు వేల ఏళ్ల కిందట ఒక శుక్రవారం నాడు చనిపోయాడు. అయినా ఆదివారం వస్తే ఏదో ఒక సంఘంలో బోనెక్కక తప్పదు. సిలువ మీద దొంగ. లూకా అతని పేరు కూడా రాయలేదు. “మంచి పనులు కూడా చెయ్యాలి కదా అయ్యగారూ” అని ఎవరైనా నోరు జారితే చాలు, వెంటనే అతన్ని పిలిపిస్తారు. ఆయన ఏం క్రియలు చేశాడు? అన్నదానం చేశాడా? ఆసుపత్రి కట్టించాడా? బాప్తిస్మమన్నా తీసుకున్నాడా? నమ్మకంతో ఒక్క మాటన్నాడు, అదే రోజు పరదైసుకు వెళ్లిపోయాడు. కేసు కొట్టేశారు. సభంతా హల్లెలూయ అంటుంది. అడిగినవాడు నోరు మూసుకుని కూర్చుంటాడు.

నాకు ఆ దొంగంటే గౌరవం. అందుకే అతని తరఫున ఒక చిన్న అభ్యంతరం. అతని చేతులకు మేకులున్నాయి, కాళ్లకు మేకులున్నాయి, కదిలేది నోరొక్కటే. ఆ నోటితో ఏం చేశాడో ఒకసారి లూకా 23లో చూడండి. యేసును ఎగతాళి చేస్తున్న తోటి ఖైదీని గదమాయించాడు. మనకు పడాల్సిన శిక్షే పడిందని, ఊరంతా వింటుండగా తన నేరం ఒప్పుకున్నాడు. గవర్నరు తీర్పు చెప్పేసిన తర్వాత, ఆ గవర్నరు సైనికులు కింద నిలబడి ఉండగా, ఈ మనిషి ఏ తప్పూ చెయ్యలేదని బల్లగుద్ది చెప్పాడు. శిష్యుల్లో చాలామంది పరారీలో ఉన్న రోజది. ఊపిరాడని చోట ఇన్ని చేసిన మనిషిని పట్టుకొచ్చి మనం ఏ పనీ చెయ్యనివాళ్ల సంఘానికి శాశ్వత అధ్యక్షుణ్ణి చేశాం. మన చేతులకు మేకుల్లేవు. ఒక చేతిలో ఫోనుంటుంది. రెండోది ఖాళీయే.

దొంగ రాలేకపోతే పౌలు వస్తాడు. ఎఫెసీయులకు రాసిన పత్రిక, రెండో అధ్యాయం, 8, 9 వచనాలు. రక్షణ కృపవల్ల వచ్చింది, విశ్వాసం ద్వారా వచ్చింది, క్రియలవల్ల రాలేదు కాబట్టి ఎవడూ గొప్పలు చెప్పుకోకూడదని వాటి సారం. సండే స్కూలు కంఠత వాక్యాల పోటీలో ఆరేళ్ల పిల్ల కూడా గుక్కతిప్పుకోకుండా ఒప్పజెబుతుంది. కారు వెనకద్దం మీద ఉంటుంది, సంఘం క్యాలెండర్లో ఉంటుంది. అంతా బాగానే ఉంది. కానీ ఆ తర్వాత 10వ వచనం కూడా ఉంది. పౌలు కలం అక్కడ ఆపలేదు. దేవుడు మనల్ని సృష్టించిందే మంచి పనులు చెయ్యడానికని, ఆ పనులు ముందే సిద్ధం చేసి పెట్టాడని అందులో ఉంది. ఈ 10వ వచనం ఒప్పజెప్పిన పిల్లకు బహుమతిగా స్టీలు గిన్నె ఇచ్చిన పోటీ నేనింతవరకు చూడలేదు. క్యాలెండర్ అచ్చువేసేవాడికి కాగితం 9 దగ్గరే అయిపోతుందనుకోవాలి.

ఇక్కడో మాట ముందే చెప్పేస్తే మంచిది, లేకపోతే సాయంత్రానికల్లా నన్ను పరిసయ్యుల జాబితాలో చేర్చేస్తారు. కృప ఉచితమన్నదాంట్లో నాకు తగాదా లేదు. పుణ్యం మూటగట్టి దేవుడికి చూపించి స్వర్గంలో సీటు రిజర్వు చేయించుకోలేమన్నదీ నిజమే. నా తగాదా ఆ సిద్ధాంతంతో కాదు, దాన్ని వాడే చోటుతో. దేవుడికి లంచం అక్కర్లేదని పౌలు చెప్తే, పొరుగువాడికి బాకీ అక్కర్లేదని మనం చదువుకున్నాం.

ఎలా చదువుకున్నామో చూడాలంటే ఒక శనివారం సాయంత్రం, ఇల్లు కట్టుకుంటున్న ఒక విశ్వాసి గుమ్మం ముందు నిలబడ్డామనుకుందాం. ఎవరో ఒకరు అనుకోండి, పేరెందుకు. స్లాబు పడింది, ప్లాస్టరింగు నడుస్తోంది. గుమ్మం పైన పెట్టడానికి యెహోషువ మాట చెక్కిన పాలరాతి పలక ఇప్పటికే వచ్చేసి, గోడకు ఆనించి ఉంది. తాపీ మేస్త్రీ తలగుడ్డ తీసి చేతిలో పట్టుకున్నాడు. శనివారమంటే బట్వాడా రోజు.

“అయ్యగారూ, రెండు బట్వాడాలు ఆగిపోయినయి. మావోళ్లు నన్ను పీక్కు తింటన్నారు.”

“రాత్రే నీ గురించి ప్రార్థన చేశాం మేస్త్రీ. అమ్మగారైతే శుక్రవారం ఉపవాస కూడికలో కూడా నీ పేరు చెప్పింది.”

“అమ్మగారికి దండాలయ్యా. మరి డబ్బులూ…”

“దేవుని సమయమంటూ ఒకటుంటుంది మేస్త్రీ. మనం తొందరపడకూడదు.”

మేస్త్రీ కాసేపు ఆ పాలరాతి పలక వంక చూశాడు. “సిమెంటు కొట్టాయనకి నిన్న ఇచ్చారంటగా అయ్యా. ఆయనకి సమయం వచ్చేసిందా?”

సిమెంటు కొట్టాయనకు ఇవ్వకపోతే సోమవారం బస్తా రాదు. మేస్త్రీకి ఇవ్వకపోయినా సోమవారం మేస్త్రీ వస్తాడు. దేవుని సమయానికీ మార్కెట్ సమయానికీ తేడా అంతే. రెండు నెలల తర్వాత గృహప్రవేశ కూడిక. షామియానా, మైకు, మటన్ బిర్యానీ. ఇంటాయన లేచి సాక్ష్యం చెప్తాడు: చేతిలో చిల్లిగవ్వ లేనప్పుడు మొదలుపెట్టాను, ఒక్క రూపాయి అప్పు లేకుండా దేవుడే కట్టించాడు. చప్పట్లు. ఆ అప్పులేని ఇంటికి అప్పిచ్చినవాడు గేటు బయట, బిర్యానీ పొట్లం దొరుకుతుందేమోనని నిలబడి ఉంటాడు.

యాకోబు పత్రికకు మన పల్పిట్ల మీద పెద్దగా పని దొరకకపోవడానికి కారణం బహుశా ఇదే. ఒంటి మీద గుడ్డలేనివాణ్ణి, ఆకలితో ఉన్నవాణ్ణి చూసి, చలి కాచుకో నాయనా, కడుపునిండా తిను అని ఆశీర్వదించి పంపేస్తే ఏం లాభమని ఆయన రెండో అధ్యాయంలో అడుగుతాడు. అంటే ‘ప్రార్థన చేస్తాంలే’ అనే జవాబును మొదటి శతాబ్దంలోనే విని ఉన్నాడు. ఇంకా నయం, రెండో అధ్యాయం మీద అప్పుడప్పుడన్నా ప్రసంగాలు వస్తాయి. ఐదో అధ్యాయం నాలుగో వచనం జోలికి మాత్రం ఎవరూ పోరు. పొలం కోసిన కూలీలకు ఎగ్గొట్టిన కూలి మొర పెడుతోందని, ఆ కేక దేవుడి చెవిన పడిందని అందులో ఉంది. గమనించండి, మొర పెడుతున్నది కూలివాడొక్కడే కాదు, ఆ కూలి డబ్బులు కూడా. మన విశ్వాసి బీరువాలో ఉండి మరీ అరుస్తున్నాయి. సౌండ్ సిస్టం గట్టిగా పెడితే వినపడవు.

ఈ యాకోబును పక్కకు నెట్టిన ఘనత మనది కాదులెండి. 1522లో జర్మన్ కొత్త నిబంధనకు ముందుమాట రాస్తూ మార్టిన్ లూథర్ దీన్ని గడ్డిపోచ పత్రిక అన్నాడు. తర్వాత బైబిలు ముద్రణల్లో ఆ మాట తీసేశాడు. మన సభల్లో కొందరు ఆయన తీసేసిన మాటనే గుర్తుపెట్టుకుని, ఆయన ఉంచిన మాటల్ని తీసేశారు. లూథర్ 1517 అక్టోబరు 31న బయటపెట్టిన 95 అంశాలనగానే పోపుతో పోట్లాట అని గుర్తొస్తుంది. అందులో 43వది చూడండి: పాపవిమోచన పత్రం కొనడం కంటే పేదవాడికివ్వడం, అవసరంలో ఉన్నవాడికి అప్పివ్వడం మేలని దాని భావం. 45వది ఇంకా ఘాటు. లేనివాణ్ణి చూసీ చూడనట్టు దాటిపోయి, ఆ డబ్బుతో పత్రం కొన్నవాడు కొనుక్కున్నది క్షమాపణ కాదు, దేవుడి కోపం అంటుంది. 86వదాంట్లో, అంత సంపన్నుడైన పోపు సెయింట్ పీటర్స్ చర్చిని బీద విశ్వాసుల డబ్బుతో కాకుండా సొంత డబ్బుతో ఎందుకు కట్టుకోడని జనం అడుగుతున్నారన్నాడు. సొంత విమానం కోసం కానుకలడిగే బోధకులున్న ఈ కాలంలో ఆ 86వ అంశాన్ని తెలుగులో ఫ్లెక్సీ వేయిస్తే, సాయంత్రం లోపు ఎవరు చింపేస్తారో చూడాలని నాకు కుతూహలం.

ఆ పత్రాల వ్యాపారం లోగుట్టు కూడా కొంచెం చెప్పుకోవాలి, ఎందుకంటే అది ఎక్కడో విన్నట్టే ఉంటుంది. మైంజ్ ఆర్చిబిషప్ ఆల్బ్రెక్ట్ ఆ పదవి కోసం ఫుగ్గర్ల దగ్గర, అంటే ఆనాటి పెద్ద బ్యాంకు కుటుంబం దగ్గర, అప్పు చేశాడు. పత్రాలమ్మితే వచ్చే సొమ్ములో సగం ఆ అప్పుకు, సగం రోముకు అని ఒప్పందం. యోహాన్ టెట్జెల్ ఊరూరా తిరిగి అమ్మాడు. కొనేవాళ్లు అమ్మానాన్నల ఆత్మల కోసమని ఏడ్చుకుంటూ కొన్నారు, బ్యాంకు గుమాస్తా లెక్క రాసుకున్నాడు. ఆ దుకాణం మూయించడానికే ‘విశ్వాసం చాలు’ అన్న మాట పుట్టింది.

దుకాణం మూసిన చోటే మన టీవీ బోధకుడు మళ్లీ దుకాణం తెరిచాడు, బోర్డు మీద అదే మాట రాసి. ‘క్రియలతో పనిలేదు బ్రదర్, విశ్వాసం చాలు’ అంటాడు. సరే అయ్యా, విశ్వాసం ఉంది. ‘అయితే ఆ విశ్వాసాన్ని ఒక విత్తన కానుకతో రుజువు చెయ్యండి, నంబరు స్క్రీన్ మీద ఉంది, ఫోన్‌పే గూగుల్‌పే రెండూ పనిచేస్తాయి.’ దశమ భాగం ఉంది, ప్రథమ ఫలాలున్నాయి, కృతజ్ఞత కానుక ఉంది, మందిర నిర్మాణ కానుక ఉంది, ప్రార్థన చేసిన నూనె సీసా ఉంది. పేదవాడికి పెట్టే పది రూపాయలేమో క్రియ, దానివల్ల రక్షణ రాదు. స్క్రీన్ మీద నంబరుకు పంపే పదివేలేమో విశ్వాసం, దానివల్ల నూరంతలు వస్తుంది. రక్షణ సంపాదించుకోవడానికి మనిషి ఏమీ చెయ్యక్కర్లేదనే ఈ మహా సిద్ధాంతంలో చెయ్యక్కర్లేని పనులన్నీ ఇంకొకరికి చెయ్యాల్సినవే కావడం, తప్పక చెయ్యాల్సినవన్నీ బోధకుడి ఖాతాకే కావడం కాకతాళీయం అంటే నేను నమ్మాలి. నాకంత విశ్వాసం లేదు.

ఆ నూనె రాసుకున్నా జ్వరం తగ్గలేదనుకోండి, తప్పు నూనెది కాదు, నీ విశ్వాసానిది. వినియోగదారుల కమిషన్‌కు దొరకని సరుకు ఇదొక్కటే. బోధకుడికే ఛాతీలో నొప్పొస్తే మాత్రం నూనె సీసా ఇంట్లోనే మర్చిపోయి అంబులెన్స్ ఎక్కుతాడు. ఎక్కడం తప్పని నేననను. ఆ తెలివి నూనె కొన్నవాళ్లకూ ముందే చెప్పి ఉంటే బాగుండేది.

లూథర్ అనుచరులు కూడా తక్కువ తినలేదు. ఆయన పోయాక వాళ్లలో వాళ్లకే గొడవొచ్చింది. గెయోర్గ్ మేజర్ అనే ఆచార్యుడు రక్షణకు సత్క్రియలు అవసరమన్నాడు. నికొలాస్ ఫాన్ ఆమ్స్‌డార్ఫ్, లూథర్‌కు ప్రాణస్నేహితుడు, అంతటితో ఊరుకోలేక 1559లో సత్క్రియలు రక్షణకు హానికరమని పుస్తకం వేశాడు. అవసరం లేవనడం కాదు. హానికరం. సిగరెట్టు పెట్టె మీద అచ్చేసే మాట. 1577లో లూథరన్లే ఒక ఒప్పందపత్రం రాసి ఇద్దరి మాటలూ తోసిపుచ్చారు. వీటన్నిటికీ ముందే, 1547లో, ట్రెంట్ మహాసభలో కాథలిక్కులు విశ్వాసం ఒక్కటే చాలనేవాళ్లను శపించేశారు. ఇలా నాలుగైదు వందల ఏళ్లు శాపాలూ ప్రతిశాపాలూ అయ్యాక, 1999 అక్టోబరు 31న జర్మనీలోని ఆగ్స్‌బుర్గ్‌లో కాథలిక్కులూ లూథరన్లూ కూర్చుని ఉమ్మడి ప్రకటన మీద సంతకాలు పెట్టారు. దేవుడు అంగీకరించేది మన గొప్ప చూసి కాదు, కృపవల్లే. ఆ కృప మనిషిని మంచి పనులకు పురికొల్పుతుంది. ఇదీ దాని సారాంశం. ఎఫెసీయుల పత్రికలో 8, 9, 10 వచనాలు వరసగా చదివితే అయిదు నిమిషాల్లో తేలే విషయమిది. తర్వాత మెథడిస్టులూ, సంస్కరణ సంఘాలవాళ్లూ కూడా ఒప్పుకున్నారు. ఆ కబురు మన మండల కేంద్రాల్లో ఉజ్జీవ సభలకు ఇంకా అందలేదు. అక్కడ 1559వ సంవత్సరమే నడుస్తోంది.

విశ్వాసం గుండెలో పడ్డాక చేతుల దాకా రావడానికి ఎంత కాలం పడుతుంది? దీనికి ఒక లెక్క దొరుకుతుంది. ‘అమేజింగ్ గ్రేస్’ తెలియని క్రైస్తవ కుటుంబం లేదు. అది రాసిన జాన్ న్యూటన్ 1748లో నడిసముద్రంలో తుపానులో చిక్కుకుని దేవుణ్ణి వేడుకున్నాడు, బతికాడు, మారుమనస్సు పొందాడు. మన సభల్లో కథ ఇక్కడి నుంచి నేరుగా పాటలోకి దూకుతుంది. మధ్యలో ఉన్నది చెప్పరు. మారుమనస్సు పొందాకే ఆయన బానిసల ఓడకు కెప్టెనయ్యాడు. 1750 నుంచి 1754 దాకా ఆఫ్రికా మనుషుల్ని గొలుసులతో కట్టి అట్లాంటిక్ దాటించాడు. ఆదివారాల్లో డెక్కు మీద నావికులతో ఆరాధన. కింద అరలో సరుకు. మానేసింది కూడా మనస్సాక్షి పొడిచి కాదు, ఒంట్లో బాగుండక. ఆ వ్యాపారాన్ని ఖండిస్తూ ఆయన చిన్న పుస్తకం రాసింది 1788లో. మారుమనస్సుకు, ఆ పుస్తకానికి మధ్య 40 ఏళ్లు. అందులో తన ఒప్పుకోలు బాగా ఆలస్యమైందని ఆయనే అన్నాడు, ఆ మాత్రం నిజాయతీ ఉన్నవాడు. మనకు పాట మిగిలింది, పుస్తకం పేరు కూడా తెలియదు.

న్యూటన్ ఒంటరివాడేం కాదు. 1667లో వర్జీనియా వలస శాసనసభ ఒక చట్టం చేసింది. బానిసకు బాప్తిస్మమిచ్చినంత మాత్రాన అతని బానిసత్వం పోదని. ఆత్మకు విడుదల, ఒంటికి యజమాని. అప్పటిదాకా బాప్తిస్మమిస్తే సొత్తు చేజారిపోతుందేమోనని జంకిన యజమానులకు ఇక నిశ్చింతగా సువార్త చెప్పించుకునే వీలు దొరికింది.

నవ్వుకోకండి. ఆ చట్టం మన దగ్గర రాయకుండానే అమల్లో ఉంది. బాప్తిస్మంలో పాత మనిషి నీళ్లలో మునిగి చస్తాడు, కొత్త మనిషి లేస్తాడు అంటాం. కులాన్ని మాత్రం ఒడ్డున పొడిబట్టల్లా మడిచి పెట్టి, పైకొచ్చాక తుడుచుకుని మళ్లీ కట్టుకుంటాం. అనుమానముంటే పెళ్లి సంబంధాల ప్రకటనలు చూడండి. మారుమనస్సు పొంది, బాప్తిస్మం తీసుకుని, ప్రార్థనాపరురాలై, దేవుని భయం కలిగి ఉండాలి, అంతా అయ్యాక కామా పెట్టి ఫలానా కులంవారే సంప్రదించగలరు. క్రీస్తులో అందరూ ఒకటేననే మాట విశ్వాసానికి సంబంధించింది. పిల్లనివ్వడం క్రియ కదా.

క్రియల పక్షంవాళ్లు ఈపాటికి ముసిముసిగా నవ్వుకుంటూ ఉంటారు. వాళ్ల సంగతి కూడా ఉంది. డిసెంబరు రాగానే ప్రభుత్వాసుపత్రి వార్డులో పండ్ల పంపిణీ. ఒక యాపిల్ పండును ఎనిమిదిమంది పట్టుకుంటారు, తొమ్మిదో చెయ్యి రోగిది. ఫొటోగ్రాఫరు ‘కొంచెం ఇటు చూడండి అవ్వా’ అంటాడు, సెలైన్ ఎక్కుతున్న ముసలమ్మ తల తిప్పాలి. కుడి చెయ్యి చేసేది ఎడమ చేతికి తెలియకూడదన్న కొండమీద ప్రసంగానికి ఇదీ మన వ్యాఖ్యానం: ఎడమ చేతికి తెలియదు, ఎందుకంటే అది బ్యానర్ పట్టుకునుంది. దుప్పటి ధర కంటే దుప్పటి పంచినట్టు వేయించిన ఫ్లెక్సీ ధర ఎక్కువ. మర్నాడు చలికి ఆ ఫ్లెక్సీనే కప్పుకునేవాళ్లున్నారు కాబట్టి, అదీ సత్క్రియ ఖాతాలోనే రాసుకోవచ్చు.

ఇంతకీ ఈ రెండు జబ్బులూ లేని మనుషులు మన నేల మీద నడవలేదా అంటే నడిచారు. ఒంగోలులో జాన్ ఎవరెట్ క్లఫ్ అనే బాప్టిస్టు మిషనరీ ఉండేవాడు. విశ్వాసంవల్లనే రక్షణ అని గట్టిగా నమ్మే శాఖ. 1876 నుంచి 1878 దాకా గొప్ప కరువు. జనం రోడ్ల పక్కన పడి చచ్చిపోతున్నారు. ఆయన ప్రార్థన చేశాడు, సందేహం లేదు. చేసి, బకింగ్‌హాం కాలువలో మూడు నాలుగు మైళ్ల తవ్వకం కాంట్రాక్టు తీసుకున్నాడు. ఆయనకు సర్వే పని, ఇంజనీరింగ్ తెలుసు. మాదిగపల్లెల నుంచి, చుట్టుపక్కల ఊళ్ల నుంచి వచ్చినవాళ్లకు పారా గంపా ఇచ్చి, కూలి ఇచ్చి బతికించాడు. తన బోధకుల్నే కాలువ గట్టు మీద పనిచూసేవాళ్లుగా పెట్టాడు. దైవజనుడు మట్టి కొలవడం!

అసలు సంగతి ఆ తర్వాతిది. కాలువ దగ్గర వేలమంది బాప్తిస్మం ఇమ్మని అడిగారు. క్లఫ్ ఇవ్వనన్నాడు. కరువు ఉన్నన్నాళ్లు, చేతిలో కూలి డబ్బులున్నన్నాళ్లు ఎవరికీ ఇవ్వలేదు. అన్నం కోసం వచ్చారో దేవుడి కోసం వచ్చారో తేలాలని. సహాయం ఆగిపోయాక, వెళ్లిపొమ్మన్నా వినకుండా జనం వచ్చారు. 1878 జులై 3న గుండ్లకమ్మ ఒడ్డున ఒక్కరోజులో 2,222 మందికి బాప్తిస్మమిచ్చారు. ఈ అంకె మన సభల్లో తెగ వినిపిస్తుంది, వినగానే గూస్‌బంప్స్. కాలువ మైళ్లు మాత్రం వినపడవు. ఒకవేళ ఆ కాంట్రాక్టు మన నేటి బోధకుల్లో ఒకరికి దొరికి ఉంటే? కూలీలందరి చేతా మొదటి బట్వాడాలోనే దశమ భాగం పట్టేవాడు, బాప్తిస్మం ఫొటోలు డ్రోన్‌తో తీయించేవాడు, కాలువ ఇంకా పూర్తయ్యేది కాదు.

క్లఫ్‌ను మరీ దేవుణ్ణి చెయ్యక్కర్లేదు. ఒక్కరోజులో వేలమందిని ముంచడమేంటని ఆయన శాఖలోనే విమర్శలొచ్చాయి, అందులో కొంత న్యాయముంది కూడా. కానీ ఒక ముచ్చట ఉంది, ఆయనే రాసుకున్నాడు. ఒంగోలు అగ్రవర్ణాల పెద్దలు, ఈ మాదిగవాళ్లను చేర్చుకుంటే మేం రాము, మా పిల్లలు మీ బడికి రారు అన్నారు. లెక్కలు తెలిసినవాడెవడైనా పెద్దల వైపే మొగ్గుతాడు. ఆయన మాదిగవాళ్ల వైపు నిలబడ్డాడు. ఆ నిర్ణయంవల్ల మిషనుకు కొంతకాలం బడి పిల్లలు పోయారు, పలుకుబడి పోయింది. పోగొట్టుకోవడానికి ఏదీ లేని చోట విశ్వాసం చూపించడం అందరికీ వచ్చు.

మెదక్‌లో చార్లెస్ వాకర్ పాస్నెట్ మెథడిస్టు. కరువులో పనికి తిండి ఇస్తూ పదేళ్లు కట్టించిన చర్చి 1924 క్రిస్మస్‌కు తలుపు తెరిచింది. అక్కడికి సెల్ఫీకి వెళ్లినవాళ్లు గోపురం ఎత్తు అడుగుతారు, ఎన్ని గంపల గింజలు కొలిచారని అడిగినవాణ్ణి నేను చూడలేదు. గుంటూరుకు 1883లో వచ్చిన డాక్టర్ అన్నా కుగ్లర్ సంగతి ఇంకా తమాషా. ‘విశ్వాసం మాత్రమే’ అన్నది పునాదిరాయిగా ఉన్న లూథరన్ సంఘం ఆవిడది. పంపినవాళ్లు ఆవిడను వైద్యానికని పంపలేదు. వైద్యం పెట్టడానికి సంఘం అప్పటికి సిద్ధంగా లేదు. ఆవిడ స్త్రీల మధ్య పనికని వచ్చి, వెంట తెచ్చుకున్న మందులు బయటికి తీసింది. తర్వాత ఆసుపత్రి లేచింది, ఇప్పటికీ గుంటూరులో ఆ పేరు చెప్తే పాతతరం ముసలమ్మలు చేతులు జోడిస్తారు. వాళ్లలో చాలామంది చర్చి మెట్లు ఎక్కినవాళ్లు కారు. కుగ్లరమ్మది కృపా, క్రియా అని ఒక్కరూ అడగలేదు. పురుడు ఆగిపోయిన ఇంట్లో ఆ ప్రశ్న తోచదు.

మన సభల్లో సాక్ష్యాలు చెప్పేవాళ్లు మెచ్చుకునే పాత్ర ఇంకొకటుంది. జక్కయ్య. పొట్టివాడు, సుంకరి, మేడిచెట్టెక్కాడు. పిల్లల పాటలో చెట్టెక్కుతాడు, యేసు రమ్మంటాడు, దిగుతాడు. పాట అయిపోతుంది, పిల్లలు కూర్చుంటారు. దిగాక ఇంటికెళ్లి ఏమన్నాడో లూకా 19లో ఉంది: ఆస్తిలో సగం పేదలకు ఇచ్చేస్తున్నాను, ఎవరి దగ్గరైనా అన్యాయంగా తీసుకుని ఉంటే నాలుగు రెట్లు తిరిగిచ్చేస్తాను అని. ఆ తర్వాతే ఈ ఇంటికి రక్షణ వచ్చిందని యేసు అంటాడు. రక్షణ ముందా, నాలుగు రెట్లు ముందా అని వేదాంతులు కొట్టుకోనివ్వండి. నేను అడిగేది చిన్న సంగతి. మన సాక్ష్యాల్లో దొంగలున్నారు, లంచగొండులున్నారు, వడ్డీవ్యాపారులున్నారు, అందరూ మారిపోయారు, అందరి కళ్లలో నీళ్లు. దోచుకున్నది ఎవరికన్నా తిరిగిచ్చామని చెప్పిన సాక్ష్యం మీరు చివరిసారి ఎప్పుడు విన్నారు? ‘గతంలో నేను రిజిస్ట్రేషన్ ఆఫీసులో ఉండగా చాలా తిన్నాను, ప్రభువు క్షమించాడు’ అంటాడాయన. ప్రభువు దగ్గర ఆయన తినలేదు. ఎవరి దగ్గర తిన్నాడో వాళ్ల అడ్రసులు ఆఫీసు రిజిస్టర్లలో ఉన్నాయి.

డిసెంబరు 31 రాత్రి మందిరాలన్నీ కిటకిటలాడతాయి. పన్నెండు కొట్టగానే వాగ్దాన కార్డుల డబ్బా తిప్పుతారు. ఒక్కొక్కరూ కళ్లు మూసుకుని ఒకటి తీస్తారు. ఇళ్లు కడతావు, తలగా ఉంటావు, శత్రువులు పారిపోతారు, ఆయుష్షు పెరుగుతుంది. సగం ఆస్తి ఇచ్చెయ్యమన్న కార్డు అందులో పడకుండా ఎవరో జాగ్రత్తగానే ఏరారు. ఈసారి ఒక్క సంఘంలో అయినా, ఏ కొంటె కుర్రాడన్నా కంప్యూటర్ సెంటరులో యాకోబు 5:4 ఒక కార్డు మీద కొట్టించి, గిల్టు అంచు వేయించి ఆ డబ్బాలో కలిపేస్తే బాగుండును. అది ఇల్లు కట్టుకున్న ఆ విశ్వాసి చేతికే వస్తుందనుకుందాం. కళ్లజోడు సవరించుకుని చదువుతాడు. వెనక్కి తిప్పి చూస్తాడు. ‘ఇది నాది కాదు బ్రదర్, పొరపాటున వచ్చినట్టుంది’ అని తిరిగి డబ్బాలో వేసి, ఇంకోటి తీసుకుంటాడు.